మాత్రలు మానేసి మరీ పరుగెడుతోంది మా అమ్మాయి

శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలసకి దగ్గర్లో ఉన్న ఒక పల్లె నుంచి ఒక తల్లి రాసిన పెద్ద ఉత్తరం ఇది. పేరు, ఊరు రాయొద్దన్నారు. ఆవిడ ఇంట్లో బట్టలు కుడతారు. భర్త హైదరాబాద్‌లో తాపీ పని చేస్తూ పండగలకి వచ్చి వెళ్తుంటారు, అత్తగారు వీళ్లతోనే ఉంటారు. ఇద్దరు పిల్లలు. పెద్దది అమ్మాయి, 17 ఏళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. స్కూల్లో ఉన్నప్పటి నుంచి 800 మీటర్ల పరుగులో జిల్లా పోటీల దాకా వెళ్లిన పిల్ల, కానిస్టేబుల్ ఉద్యోగం కొట్టాలని పట్టుదల. అబ్బాయికి 11.

చిన్నప్పుడు ఒకసారి ఊరి చెరువులో ఈత కొడుతూ ఈ అమ్మాయి ఉన్నట్టుండి మునిగిపోతే పక్కనున్నవాళ్లు లాగి ఒడ్డున వేశారు. భయపడిందిలే అనుకున్నారు. కిందటేడు గ్రౌండ్‌లో చివరి రౌండ్ తిరుగుతూ పడిపోయింది, కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, ఎవరో పరుగున వచ్చి చేతిలో తాళాల గుత్తి పెట్టారు. ఫిట్స్ అన్నారు, ఫిట్స్ మాత్రలు రాశారు. అవి వాడుతుండగానే పరుగులో మళ్లీ పడిపోయింది. అప్పుడు విశాఖపట్నం తీసుకెళ్తే, అక్కడ ఈసీజీ చూసిన డాక్టర్ ఇది ఫిట్స్ కాదు, లాంగ్ క్యూటీ అనే గుండె లయ జబ్బు, వంశంలో వస్తుంది అన్నారు. జన్యు పరీక్షలో మొదటి రకం అని తేలింది. ఈసీజీలో క్యూటీసీ, అంటే గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ సిద్ధం కావడానికి పట్టే వ్యవధి కొలత, 490 మిల్లీసెకన్లు ఉంది. తల్లికి కూడా తీస్తే 470 వచ్చింది. ఆవిడ తమ్ముడు 19వ ఏట నాగావళిలో మునిగి చనిపోయాడు. వరదలో కూడా ఏరు ఈదేవాడట, ఆ రోజు కేక కూడా వెయ్యలేదట. నీళ్లలో ఏదో పట్టుకుందని ఊళ్లో ఇప్పటికీ అంటారు.

ఒక డాక్టర్ "పరుగు మాట ఇంక ఎత్తొద్దు" అన్నారు. విశాఖలో తర్వాత చూపించిన గుండె లయ నిపుణుడు "కొన్నాళ్లు మాత్రలు వాడి, ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి అప్పుడు మాట్లాడదాం" అన్నారు. పిల్లేమో మాత్ర వేసుకుంటే కాళ్లు బరువెక్కుతున్నాయి, టైమింగ్ పడిపోతోంది అంటోంది. ఈ మధ్య ఆవిడకి కూతురి బూట్లలో, వేసుకోకుండా దాచిన మాత్రలు కనిపించాయి. తెల్లారకముందే కాలవ గట్టు మీద ఒక్కతే పరుగెడుతోందని తర్వాత తెలిసింది. అడిగితే ఫోన్‌లో డెన్మార్క్ ఫుట్‌బాల్ ఆటగాడు క్రిస్టియన్ ఎరిక్సన్ వీడియో చూపించి, "గ్రౌండ్‌లో పడిపోయినాయన మళ్లీ ఫుట్‌బాల్ ఆడుతుంటే నేనెందుకు పరుగెత్తకూడదు" అంటోందట. అత్తగారు ఈ జబ్బు మాట బయటికి పొక్కితే పిల్లకి పెళ్లి కాదంటున్నారు, అబ్బాయికి పరీక్ష కూడా వద్దంటున్నారు. పైగా అమ్మాయిని మేనమామ కొడుక్కి, అంటే ఈవిడ అన్నగారి అబ్బాయికి ఇవ్వాలని పెద్దవాళ్ల మాట ఒకటి ఎప్పటి నుంచో ఉంది. "పరుగు ఆపమంటే పిల్ల ఏమైపోతుందో అని భయం, పరిగెత్తమంటే గుండె ఏమైపోతుందో అని భయం. నాకు నిద్ర లేదు. ఆపించాలా, వద్దా? మీరే చెప్పండి" అని ఉత్తరం ముగించారు.

అమ్మా,

ముందు మాత్రల సంగతి చూడండి. పరుగు, ఉద్యోగం, పెళ్లి, అన్నీ ఆ తర్వాతే. మీ అమ్మాయికి రాసినవి బీటా బ్లాకర్లు. పరుగులో, భయంలో, కోపంలో ఒంట్లో పొంగే అడ్రినలిన్ గుండె మీద పడకుండా అవి అడ్డుపడతాయి. కొన్నాళ్లు వాడి ఉన్నట్టుండి ఆపేస్తే ఇన్నాళ్లూ అణిగి ఉన్న ఆ దెబ్బ మామూలు కంటే గట్టిగా తగులుతుంది. కాబట్టి మాత్ర మానేసి పరుగెత్తడం, అసలు మందే మొదలుపెట్టని రోజుల్లో పరుగెత్తినదానికంటే ప్రమాదం కావచ్చు. రేపే విశాఖ డాక్టర్‌కి ఫోన్ చేసి, పిల్ల ఎన్నాళ్లుగా సరిగ్గా వేసుకోవడం లేదో దాచకుండా చెప్పి, ఏ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో అడగండి. పోయినవాటికి బదులని రెండేసి కలిపి వేయొద్దు. ట్రెడ్‌మిల్ పరీక్ష అయ్యేదాకా పరుగు బంద్. ఈ ఒక్క విషయంలో నాకు రెండో మాట లేదు. అయితే "ఇంక జన్మలో పరుగెత్తవు" అని కాకుండా "పరీక్ష అయ్యేదాకా" అని చెప్పండి. గడువు కనిపిస్తే ఆ వయసు పిల్ల ఆగుతుంది. ఎప్పటికీ వద్దంటే కాలవ గట్టుకే పోతుంది.

కాళ్లు బరువెక్కుతున్నాయని ఆ పిల్ల అంటున్నది సాకు కాదమ్మా, నిజం. బీటా బ్లాకర్ వేసుకున్నవాళ్లకి నాడి ఒక స్థాయి దాటి పెరగదు, మందు చేసే మేలే అది. పరుగెత్తేవాళ్లకి దాని వల్ల ఆయాసం ముందే వస్తుంది, టైమింగ్ తగ్గుతుంది. ఆ మాట డాక్టర్‌కి ఆ పిల్ల నోటితోనే చెప్పించండి. బీటా బ్లాకర్లన్నీ ఒకేలా పనిచెయ్యవు. లాంగ్ క్యూటీకి ప్రొప్రనలాల్, నడొలాల్ బాగా కాపాడతాయని, మెటోప్రొలాల్ అంతగా కాపాడదని నిపుణులు చెప్తారు. మోతాదు మార్చొచ్చు, వేసుకునే వేళ మార్చొచ్చు, రోజుకి ఒక్కసారి వేసుకునే రకం ఇవ్వొచ్చు. ఇబ్బంది చెప్పుకునే చోటు ఉంటే మాత్రలు బూట్లలోకి పోవు. దొరికిన మాత్రలు ముందర పెట్టి నిలదియ్యకండి. "నీ కాళ్లు బరువెక్కుతున్నాయన్న మాట నేను పట్టించుకోలేదు, పద, డాక్టర్‌నే అడుగుదాం" అనండి చాలు.

ఇప్పుడు జబ్బు సంగతి. ఇది మీకు ఎవరూ నింపాదిగా చెప్పినట్టు లేదు. మీ అమ్మాయి గుండె కండరం బాగానే ఉంది, అందుకే స్కానింగ్‌లో ఏమీ కనిపించదు. తేడా కరెంటులో ఉంది. గుండె ఒకసారి కొట్టుకున్నాక మళ్లీ కొట్టుకోవడానికి సిద్ధం కావాలి కదా, ఆ సిద్ధమయ్యే వ్యవధి ఈ జబ్బులో ఎక్కువవుతుంది. ఈసీజీలో క్యూటీ అని కొలిచేది దాన్నే. మొదటి రకంలో, కణాల్లోంచి పొటాషియంని బయటికి పంపే ఒక ద్వారం సరిగ్గా పనిచెయ్యదు. అడ్రినలిన్ పెరిగినప్పుడు తొందరగా పని ముగించాల్సిన ద్వారం అదే. అందుకే కూర్చున్నప్పుడు ఏమీ ఉండదు, పరుగులో, ముఖ్యంగా ఈతలో పడిపోతారు. బావిలో నీళ్లు ఊరేలోపే మళ్లీ మళ్లీ చేద వేసినట్టు, గుండె సిద్ధమయ్యేలోపే తర్వాతి దెబ్బ వచ్చి పడుతుంది. లయ చెదిరి గుండె అదురుతుందే తప్ప రక్తం తోడదు. మెదడుకి రక్తం అందక మనిషి పడిపోయి కొట్టుకుంటాడు, చూసేవాళ్లకి అచ్చం ఫిట్స్‌లాగే ఉంటుంది. లయ దానంతట అది సర్దుకుంటే లేచి కూర్చుంటారు. సర్దుకోకపోతే ప్రాణం పోతుంది.

మీ తమ్ముడి విషయంలో జరిగింది ఇదే అయ్యుండాలి. ఇన్నేళ్ల తర్వాత నేను రుజువు చెయ్యలేను గాని, ఏరు ఈదే కుర్రాడు కేక వెయ్యకుండా మునిగిపోవడం, ఒకే ఇంట్లో మేనకోడలికి ఈ జబ్బు తేలడం, అక్కకి క్యూటీసీ 470 రావడం, ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏ గుండె డాక్టరైనా ఆ మాటే అంటారు. నీళ్లలో ఏదీ పట్టుకోలేదు. ఆ రోజు ఎవరో సరిగ్గా చూసుకోలేదని ఇంట్లో ఎవరి మీదైనా నింద ఉంటే అది ఇంక దించేయండి.

ఇది చదువుతున్న మిగతావాళ్లకి కూడా ఒక మాట. పరుగెడుతూ, ఈదుతూ, ఉలిక్కిపడినప్పుడు ఫిట్స్‌లా వచ్చిన పిల్లలకి, మెదడు పరీక్షలతో పాటు ఒక్క ఈసీజీ తీయించండి, క్యూటీసీ ఎంత ఉందో కొలిచి చెప్పమని అడగండి. చాలా తక్కువ ఖర్చుతో అయిపోయే పని.

ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పారని మీరు కంగారు పడుతున్నారు. ఇద్దరూ మీ మంచి కోరే చెప్పారు, తేడా ఎక్కడొచ్చిందంటే, ఈ విషయంలో వైద్యుల ఆలోచనే గత ఇరవై ఏళ్లలో బాగా మారింది. 2005 నాటి అమెరికా, యూరప్ మార్గదర్శకాలు ఈ జబ్బు ఉంటే పోటీ ఆటలు దాదాపుగా వద్దన్నాయి. అప్పట్లో చదువుకున్నవాళ్లకి అదే పాఠం. 2012లో అమెరికాలోని మాయో క్లినిక్ అనే ఆసుపత్రి డాక్టర్లు, జబ్బు ఉందని తెలిసినా చికిత్స తీసుకుంటూ ఆటలు ఆడిన తమ రోగుల వివరాలు ప్రచురించారు, అందరూ భయపడినంత ప్రమాదం కనిపించలేదు. 2015లో అమెరికా గుండె వైద్య సంఘాలు మాట సడలించాయి. పడిపోయిన చరిత్ర ఉన్నవాళ్లు కూడా నిపుణుల దగ్గర చికిత్స మొదలుపెట్టి కనీసం మూడు నెలలు ఏ ఇబ్బందీ లేకుండా ఉంటే, తగిన జాగ్రత్తలతో పోటీ ఆటల గురించి ఆలోచించవచ్చన్నాయి. ఒకసారి పడిపోయిన మొదటి రకం వాళ్లకి ఈత పోటీలు మాత్రం వద్దన్నాయి. ఆ తర్వాత 5 దేశాల్లో 1,400 మందికి పైగా లాంగ్ క్యూటీ ఉన్నవాళ్లని మూడేళ్లు గమనించారు. గట్టిగా వ్యాయామం చేసేవాళ్లకీ చెయ్యనివాళ్లకీ ప్రమాదాల్లో తేడా కనపడలేదు.

ఈ వార్త మీ అమ్మాయి చెవిన పడితే గంతులేస్తుంది. అందుకే మిగతా సగం కూడా చెప్పాలి. ఆ అధ్యయనాల్లో ఉన్నవాళ్లు నిపుణుల దగ్గర చూపించుకుంటున్నవాళ్లు, అత్యధికులు మందు వాడుతున్నవాళ్లు, వాళ్లలో చాలామంది ఎప్పుడూ పడిపోనివాళ్లు. మీ అమ్మాయి పరుగులో రెండుసార్లు పడిపోయింది, చెరువులో మునిగినదీ ఇదే అయ్యుంటుంది, క్యూటీసీ 490 ఉంది. 500 దాటితే ఇంకా ఎక్కువ భయం, ఈ పిల్ల దానికి బాగా దగ్గర్లో ఉంది. యూరప్ వాళ్ల 2020 మార్గదర్శకాలైతే ఇలా స్పృహ తప్పినవాళ్లకి పోటీ ఆటలు వద్దనే అన్నాయి. అంటే పెద్ద పెద్ద నిపుణుల మధ్యే ఇంకా ఏకాభిప్రాయం లేని చోట మీ పిల్ల నిలబడి ఉంది. అలాంటప్పుడు "పరిగెత్తొచ్చు" అనో "వద్దు" అనో ఎవరైనా ఒక్క ముక్కలో చెప్పేస్తే అది తొందరపాటు. ఇలా చెప్తే పని కాదని తెలిసే ఆ నిపుణుడు పరీక్ష తర్వాత మాట్లాడదాం అన్నారు.

ఎరిక్సన్ వీడియో మంచిదే, ఇంకోసారి ఇద్దరూ కలిసి చూడండి. 2021 జూన్ 12న కోపెన్‌హాగన్‌లో ఆయన పడిపోగానే తోటి ఆటగాళ్లు గుర్తించారు, వైద్య బృందం పరుగున వచ్చి ఛాతీ నొక్కింది, మైదానంలోనే షాక్ ఇచ్చింది. అందుకే బతికాడు. తర్వాత గుండె లయ తప్పితే లోపలి నుంచే షాక్ ఇచ్చే పరికరం అమర్చారు. ఆ పరికరంతో ఇటలీ లీగ్‌లో ఆడనిచ్చే నిబంధన లేక క్లబ్ వదిలి ఇంగ్లండ్ వెళ్లి ఆడాడు. ఇందులో ఏ ఒక్కటీ మీ కాలవ గట్టు మీద తెల్లవారుజామున ఉండదు. ఆ పిల్ల అడగాల్సింది "ఆయన ఆడుతున్నాడు కదా" అని కాదు, "ఆయన చుట్టూ ఏముంది, నా చుట్టూ ఏముంది" అని. ఈ మాట మీకంటే వాళ్ల పీఈటీ మాస్టారు చెప్తే ఇంకా బాగా ఎక్కుతుంది.

పరీక్ష అయ్యాక మీ ముందు మూడు దారులుంటాయి. ఏది ఎంచుకున్నా వదులుకోవాల్సింది కొంత ఉంటుంది.

పోటీ పరుగు పూర్తిగా మానేయడం ఒకటి. మానేసినా మంచం పట్టాల్సిన అవసరం లేదు, ఈ తేడా మీ ఇంట్లో అందరికీ తెలియాలి. నడక, మెల్లగా సైకిల్, యోగా, సరదాగా ఆడే షటిల్ లాంటివి మందు వాడుతూ చేసుకోవచ్చా అని డాక్టర్‌ని అడిగితే మామూలుగా ఒప్పుకుంటారు. ఒళ్లు కదలకపోతే రేపు బీపీ, షుగర్ వచ్చి పడతాయి, ఈ గుండెకి అవి కూడా తోడైతే కష్టం. దీంతో మైదానంలో పడిపోయే భయం బాగా తగ్గుతుంది. మనసు మాత్రం దెబ్బతింటుంది, అది చిన్న దెబ్బ కాదు. కరణం మల్లీశ్వరి పెరిగిన ఆమదాలవలస గాలి పీల్చుకుంటూ, గ్రౌండ్‌లో చెమటోడిస్తే బతుకు మారుతుందని కళ్లారా చూసి పెరిగిన పిల్లలు మన వైపు ఆడపిల్లలు. 800 మీటర్లు మానుకో అంటే ఆ పిల్లకి నువ్వెవరో మర్చిపో అన్నట్టే వినిపిస్తుంది. ఈ దారి ఎంచుకుంటే కొన్ని నెలలు ఆ పిల్ల మీద ఒక కన్నేసి ఉంచండి, తిండి, నిద్ర, స్నేహితులతో మాట తగ్గితే కౌన్సెలింగ్ అవసరమని అర్థం. ఇంకో సంగతి, పరుగుకి బదులు విలువిద్యో షూటింగో నేర్పిద్దామని ఎవరైనా సలహా ఇవ్వొచ్చు. చేతి వణుకు తగ్గిస్తాయని బీటా బ్లాకర్లు ఆ రెండు ఆటల పోటీల్లో నిషేధించిన మందులు, ప్రత్యేక అనుమతి లేకుండా వాడకూడదు. పరుగులో ఆ నిషేధం లేదు.

రెండో దారి, ట్రెడ్‌మిల్ ఫలితం బాగుండి, నిపుణుడు ఒప్పుకుంటే, షరతులతో పరుగుకి తిరిగి రావడం. ఆ పరీక్షలో పరుగెత్తేటప్పుడూ, ఆగాక తేరుకునే నిమిషాల్లోనూ క్యూటీ ఎలా ఉందో, మందు నాడిని ఎంతవరకు ఆపుతోందో చూస్తారు. మాత్ర ఒక్క పూట కూడా తప్పకూడదు. ఒంటరిగా పరుగెత్తకూడదు. తోడు వచ్చేవాళ్లకి ఏం చెయ్యాలో తెలిసి ఉండాలి. ఎండలో వద్దు, జ్వరం, వాంతులు, విరేచనాలు ఉన్నప్పుడు, తగ్గిన మర్నాడు కూడా వద్దు, ఎందుకంటే ఒంట్లో పొటాషియం పడిపోతే క్యూటీ ఇంకా పొడుగవుతుంది. అలాంటి రోజుల్లో ఓఆర్ఎస్ తాగించి డాక్టర్‌కి చెప్పండి. వాచీలో నాడి చూసుకుని పరుగెత్తే లెక్కలు ఈ మందు వాడేవాళ్లకి పనిచెయ్యవు, పక్కవాళ్లతో రెండు మాటలు మాట్లాడుతూ పరుగెత్తగలిగేంత వేగం దగ్గర మొదలుపెట్టాలి. తల తిరిగినా, గుండె దడదడలాడినా, కళ్లు చీకట్లు కమ్మినా ఆ రోజుకి ఆపేసి డాక్టర్‌కి చెప్పాలి, దాచకూడదు. ఇవన్నీ చేసినా ప్రమాదం సున్నా కాదు. టైమింగ్ మునుపటిలా రాకపోవచ్చు, ఒకప్పుడు తన వెనక ఉన్నవాళ్లు ముందుకెళ్లిపోతుంటే చూడాలి. ఆ రోజు "ఇవాళ ఒక్కరోజు మాత్ర మానేస్తా" అనిపిస్తుంది. అలా అనిపించినా మాననంటేనే ఈ దారి. ఆ పిల్ల తనంతట తాను ఆలోచించి ఒప్పుకోవాలి.

మూడోది ఆటకి దగ్గర్లోనే ఉండి వేరే బతుకు చూసుకోవడం, ఫిజియోథెరపీ, స్పోర్ట్స్ న్యూట్రిషన్, చిన్నపిల్లలకి కోచింగ్ లాంటివి. ఇది ఇప్పుడే చెప్తే సర్ది చెప్తున్నట్టు ఉంటుంది. ఇంకొన్నాళ్లు ఆగి, తనే అడిగినప్పుడు చెప్పండి.

మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా మళ్లీ పడిపోతే మాత్రం ఈ మూడు దారుల లెక్క మారిపోతుంది. ఎడమ వైపు నుంచి గుండెకి వెళ్లే నరాల్ని కత్తిరించే ఆపరేషన్, లేదా లోపల అమర్చే షాక్ పరికరం గురించి అప్పుడు డాక్టర్లు మాట్లాడతారు. ముందే తెలిసి ఉంటే ఆ రోజు బెంబేలెత్తిపోరు.

కానిస్టేబుల్ ఉద్యోగం గురించి మీరు రెండు చోట్ల అడిగారు. శారీరక పరీక్షలో 1600 మీటర్ల పరుగు తప్పదు, తర్వాత మెడికల్ ఉంటుంది. నా భయం మెడికల్‌లో పోతుందని కాదమ్మా. టైమింగ్ రాదనే భయంతో ముందు రోజు నుంచే మాత్ర మానేసి, రాత్రంతా నిద్ర లేకుండా, ఆ టెన్షన్‌తో ఎండలో పరుగెడుతుందని. ఈ జబ్బుకి అంతకంటే చెడ్డ రోజు ఉండదు. జబ్బు దాచి రాయించడం అనే ఆలోచన ఇంట్లో ఎవరికున్నా మొగ్గలోనే తుంచేయండి. గ్రూప్స్ ఉన్నాయి, పరుగు పరీక్ష లేని ప్రభుత్వ ఉద్యోగాలు చాలా ఉన్నాయి, ఈ ఇంటర్ మార్కులే దానికి పునాది. యూనిఫాం కల పోతే ఏడుస్తుంది, ఏడవనివ్వండి, వెంటనే ఓదార్చాలని చూడకండి.

ఏ దారిలో వెళ్లినా ఇంట్లో చెయ్యాల్సినవి కొన్ని ఉన్నాయి. ఊళ్లో డాక్టర్ దగ్గరికి జలుబుకో విరేచనాలకో వెళ్లినా ఈ జబ్బు పేరు ముందే చెప్పాలి. అజిత్రోమైసిన్, లెవోఫ్లాక్సాసిన్, వాంతులకి ఇచ్చే ఆండాన్‌సెట్రాన్, డొంపెరిడోన్, ఫంగస్‌కి ఇచ్చే ఫ్లుకోనజోల్, మలేరియాకి ఇచ్చే క్లోరోక్విన్, ఇవన్నీ క్యూటీని ఇంకా సాగదీసే మందులే. మన దగ్గర మెడికల్ షాపులో అడగ్గానే చేతిలో పెట్టేవి ఇందులో ఎన్నో. క్రెడిబుల్‌మెడ్స్ అనే వెబ్‌సైట్‌లో పూర్తి జాబితా ఉంటుంది, అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు కాబట్టి తన ఫోన్‌లో తనే చూసుకుంటుంది. జబ్బు పేరు, వాడే మాత్ర రాసిన చిన్న కార్డు ఒకటి బ్యాగులో ఉండాలి.

అలాగే పడిపోతే ఏం చెయ్యాలో మీరు, అబ్బాయి, ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లు, పీఈటీ మాస్టారు నేర్చుకోవాలి. పిలిచినా పలక్క, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్యలో రెండు చేతులతో 5 సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. తాళాలు, ఇనప ముక్కలు వెతుకుతూ కూర్చుంటే ఆ నిమిషాలే ప్రాణం. షాక్ ఆలస్యమయ్యే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది. కాలేజీలో షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం ఉందా అని అడగండి, లేకపోతే కొనమని ప్రిన్సిపాల్‌కి కాగితం మీద రాసివ్వండి. ఆ యంత్రం మీ పిల్ల ఒక్కదానికే కాదు, ఆ గ్రౌండ్‌కి వచ్చే అందరికీ.

అబ్బాయి పరీక్ష వాయిదా వెయ్యొద్దు. ఈ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో వస్తే ప్రతి బిడ్డకీ సగానికి సగం అవకాశం, ఆడా మగా తేడా లేదు. ఈసీజీ మామూలుగా ఉన్నా జన్యువు ఉండొచ్చు, కాబట్టి ఈసీజీతో సరిపెట్టుకోకుండా అక్క పరీక్షలో దొరికిన ఆ ఒక్క మార్పు వీడిలో ఉందో లేదో చూడమనండి. ఏం వెతకాలో ముందే తెలుసు కాబట్టి పూర్తి పరీక్షకంటే సులువు. ఫలితం వచ్చేదాకా చెరువు, గెడ్డ, ఏరు ఏదీ వద్దు. మీ అత్తగారికి ఇలా చెప్పి చూడండి, "అత్తా, పేరు బయటికి వస్తుందని పరీక్ష ఆపితే, నా తమ్ముడిలా వాడు నీళ్లలో పోతే ఊరికి అప్పుడు తెలియదా?" కటువుగా ఉంటుంది, అయినా ఇలాంటి చోట మెత్తగా చెప్తే వినరు. మీ ఆయన్ని ఈసారి విశాఖ అపాయింట్‌మెంట్‌కి రప్పించండి. ఫోన్‌లో విన్న జబ్బుకీ డాక్టర్ ఎదురుగా కూర్చుని విన్న జబ్బుకీ చాలా తేడా.

ఇక మేనరికం. 1957లో నార్వేలో జెర్వెల్, లాంగే నీల్సన్ అనే ఇద్దరు డాక్టర్లు, పుట్టు చెవుడుతో పాటు ఈ లయ జబ్బు తీవ్రంగా ఉన్న పిల్లలున్న ఒక కుటుంబం గురించి రాశారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా ఈ లోపం వస్తే పుట్టే జబ్బు అది. మీ అమ్మాయికి ఈ లోపం ఒక్క వైపు నుంచే వచ్చింది. అది మీ పుట్టింటి వైపు నుంచే వచ్చి ఉంటే మీ అన్నగారికి ఉండే అవకాశం సగం, ఆయన కొడుక్కి ఉండే అవకాశం నాలుగోవంతు. ఆ అబ్బాయికి కూడా ఉండి ఇద్దరికీ పెళ్లయితే పుట్టే ప్రతి బిడ్డకీ నాలుగింట ఒక వంతు అవకాశం ఆ తీవ్రమైన రూపం రావడానికి. అతనికి లేదని పరీక్షలో తేలితే ఈ భయం ఉండదు. అంతకంటే ముఖ్యం, మీ అన్నగారూ ఆయన పిల్లలూ తమ ప్రాణం కోసం ఈ పరీక్ష చేయించుకోవాలి, సంబంధం కుదిరినా కుదరకపోయినా. దాచిపెడితే వాళ్లకి అపకారం చేసినట్టే. పిల్లకి ఇంకా పద్దెనిమిదే నిండలేదు, పెళ్లి మాట ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తకుండా చూడండి. పరుగు పోయిందని కుమిలిపోతున్న పిల్ల చెవిలో పెళ్లి మాట పడితే తన కథ ముగిసిందనుకుంటుంది.

వేరే పేరున్న లయ జబ్బులతో ఇది చదివేవాళ్లు దీన్ని తమకి అన్వయించుకోవద్దు. సీపీవీటీ అనే జబ్బులో మామూలు ఈసీజీ శుభ్రంగా ఉంటుంది, శ్రమలో మాత్రం ప్రాణాంతకంగా మారుతుంది, అక్కడ ఆటల విషయంలో కట్టుబాట్లు ఇంకా గట్టివి. ఏఆర్‌వీసీలో దూరపు పరుగులు జబ్బునే ముదిరేలా చేస్తాయి. బ్రుగాడాలో ఆటకంటే జ్వరమే పెద్ద శత్రువు. మీ డాక్టర్ చెప్పిన పేరు పట్టుకుని మళ్లీ ఆయన్నే అడగండి.

చివరగా, అమ్మా, ఉత్తరం మొత్తంలో మీ గురించి ఒకే ఒక్క ముక్క రాశారు, "నాకు 470" అని, దాని గురించి ఏ ప్రశ్నా అడగలేదు. మీ తమ్ముడు పోయిన తీరు చూసినా, మీ అమ్మాయికి వచ్చింది చూసినా ఆ జన్యువు మీ దగ్గరే ఉండే అవకాశం ఎక్కువ. మీకూ జన్యు పరీక్ష, మీకూ మాత్రలు అవసరమా అన్న ప్రశ్న, మీరు మెషీన్ దగ్గర కూర్చునే మనిషి కాబట్టి రోజూ ఎంతసేపు నడవొచ్చు అన్న ప్రశ్న, ఇవన్నీ అదే రోజు అదే డాక్టర్‌ని అడగండి. మీ పేరు మీద విడిగా ఓపీ చీటీ తీసుకోండి, కూతురి చీటీలో మీ సంగతి ఇరికించొద్దు. వెళ్లేటప్పుడు పిల్ల పాత ఈసీజీలు, ఫిట్స్ మాత్రలు రాసిన చీటీలు, జన్యు పరీక్ష రిపోర్టు తీసుకెళ్లండి, మీ తమ్ముడు ఏ వయసులో ఎలా పోయాడో ఒక కాగితం మీద రాసుకోండి. ఒక పది నిమిషాలు మీరు బయట కూర్చుని అమ్మాయిని డాక్టర్‌తో ఒంటరిగా మాట్లాడనివ్వండి. ఆ పది నిమిషాల్లో ఏం మాట్లాడుకున్నారో తను చెప్పేదాకా అడగకండి.